చిన్న బంతికి గుడ్డెక్కువ

"పిల్లలు చలికాలంలో పుడితే ఎలాగే? ఇద్దరికీ ఒకేసారి చలేస్తే ఎవర్ని ముందు చూసుకోవాలి?"

నేనీ మాట అన్నప్పుడు మా అమ్మాయికి ఆరో నెల. దసరా వచ్చినా బయట ఎండ పేలిపోతోంది. ఫ్యాను కింద కూర్చున్నా వీపు తడిసిపోతోంది. అది మంచం మీద ఒత్తిగిలి పడుకుని, పొట్ట మీద చెయ్యేసుకుని పకపకా నవ్వింది.

"అమ్మా, ఇప్పుడు నాకు చెమటలు కారిపోతున్నాయి. ముందు నన్ను చూడవే."

"నీకేం, చెమట పడితే తుడుచుకుంటావు. వాళ్ళు చెప్పగలరా?"

"సైరన్ మోగింది, అందరూ పరిగెత్తండి" అన్నాడు అల్లుడు పక్క గదిలోంచి.

పని షెడ్డులో కూడా నా పేరు సైరనమ్మే. మా షెడ్డులో గుడ్డ బంతులు కుడతాం. చంటిపిల్లలు ఆడుకునే మెత్తటి బంతులు. పడవలాంటి ముక్కలు ఆరు కలిపి కుట్టి, లోపల దూది కూరితే బంతి. ఇరవై రెండేళ్ళుగా నాదదే పని. సూది పోయిందంటే ఎవరి కాల్లో దిగిందోనని, ఫ్యాను కిర్రుమంటే ఎవరి నెత్తిన పడుతుందోనని, ఏదీ జరక్కముందే నేను అరుస్తాను. అందుకని ఆ పేరు. కీడెంచి మేలెంచమన్నారు కదా అని నేనంటే, "నువ్వు కీడు దగ్గరే ఆగిపోతావమ్మా, మేలు దాకా నీకు బస్సు దొరకదు" అంటుంది మా అమ్మాయి.

కడుపులో ఇద్దరున్నారని, అందులో ఒకటి బాగా చిన్నదిగా ఉందని ఆ వారమే స్కానింగులో తెలిసింది. నా భయమంతా అక్కడుంది. ఒకటి బలంగా ఉండి ఇంకొకటి నలిగిపోతుందేమో, ఒకటి తాగి ఇంకొకటి పస్తుంటుందేమో. అందుకే అప్పుడే చెప్పేశాను, "నా దగ్గర ఇద్దరూ సమానమే. ఏదొచ్చినా సగం సగం."

"అదిగో, వచ్చింది" అంది అమ్మాయి. అల్లుడి వైపు తిరిగి, "మా అమ్మ నాకూ తమ్ముడికీ బిస్కెట్టుని కొలబద్ద పెట్టి విరిచేది, తెలుసా? పొడి రాలితే పొడి కూడా రెండు భాగాలు. చీమ దొరికినా రెండు ముక్కలు చేసే రకం" అంది.

"నా చిన్నప్పుడు మా అక్కకే అన్నీ పెట్టేవారు. ఆ బాధ నాకు తెలుసు" అన్నాను.

అప్పుడది కొంచెం లేచి కూర్చుని, నవ్వు ఆపి, నా మోకాలి మీద చెయ్యేసింది. "వీళ్ళ దగ్గర మాత్రం నీ సగం సగం పనికిరాదమ్మా. చిన్నదానికే ఎక్కువ కావాలి. బంతుల సంగతి మర్చిపోయావా?"

మర్చిపోవడమా. ఆ సంగతి చెప్పాలంటే పదిహేడేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

అప్పటికి దానికి పదకొండేళ్ళు. బడి వదలగానే సంచీ భుజాన వేసుకుని షెడ్డుకొచ్చి, కటింగ్ బల్ల కింద కూర్చుని పాఠాలు రాసుకునేది. ఒకసారి కొత్త ఆర్డరొచ్చింది, నలభై పెద్ద బంతులు. మామూలు బంతికి అడ్డం రెట్టింపు. కటింగ్ మాస్టారు గుడ్డ కోసేవాడు, సామాన్ల లెక్కా ఆయనదే. బంతి రెట్టింపు కాబట్టి గుడ్డ రెట్టింపు, దూది రెట్టింపు ఇచ్చాడు. ఆ వారం దూది కూరే పని నాది.

గుడ్డ ఇరవై బంతులకే అయిపోయింది. దూదైతే మరీ ఘోరం, పది బంతులకే నిండుకుంది.

"గుడ్డ సరే, నా కత్తెర తప్పిందనుకుందాం" అన్నాడు మాస్టారు. "దూది ఎటు పోయింది చెల్లెమ్మా? దూదికి కాళ్ళొచ్చాయా?"

ఆయన నవ్వుతూనే అన్నాడు. కానీ యజమాని నవ్వలేదు. నా సంచీ బల్ల మీద దులిపించాడు. టిఫిన్ డబ్బా, దువ్వెన, తలనొప్పి మాత్రలు, అన్నీ అందరి ముందూ పడ్డాయి. దూది పోగు కూడా లేదు. అయినా ఒకసారి దులిపిన సంచీ దొంగ సంచీయే కదా. ఎప్పుడూ అరిచే నేను ఆ రోజు సూది కింద పెట్టి అలా కూర్చుండిపోయాను.

బల్ల కింద నుంచి మా అమ్మాయి బయటికొచ్చింది. పెద్ద బంతి ఒకటి తీసుకుని కుట్టు విప్పమంది. మాస్టారు సరదాగా విప్పాడు. లోపలి దూదంతా లాగి, ఖాళీగా ఉన్న చిన్న బంతుల్లో గట్టిగా కూరడం మొదలుపెట్టింది. ఒకటి నిండింది. రెండు. నాలుగు. ఐదోది నిండేసరికి షెడ్డులో మిషన్లు ఆగిపోయాయి. ఎనిమిది నిండాక దూది అయిపోయింది. తర్వాత ఆ పెద్ద బంతి గుడ్డని బల్ల మీద పరిచి, చిన్న బంతి ముక్కలు దాని మీద పేర్చింది. నాలుగు బంతుల ముక్కలకే సరిపోయింది.

"అడ్డం రెట్టింపైతే గుడ్డ నాలుగింతలు, దూది ఎనిమిదింతలు పడుతుంది మాస్టారూ" అంది. "మా అమ్మ తియ్యలేదు. మీరే తక్కువిచ్చారు."

మాస్టారు చాలాసేపు తల గోక్కున్నాడు. "అంటే, ఈ ఎనిమిది చిన్నవాటిలో ఉన్న దూదంతా ఒక్క పెద్దదానిలో పడుతుంది. కానీ ఎనిమిదింటికీ గుడ్డ మాత్రం పెద్దదానికి పట్టినదానికి రెట్టింపు కావాలి. అంతేనా?" అన్నాడు.

"అంతే. చిన్నదాంట్లో లోపల సరుకు తక్కువ, పైన తోలు ఎక్కువ."

మేము బంతి పై గుడ్డని తోలే అంటాం. మాస్టారు సుద్దముక్క తీసి గోడ మీద రాశాడు: చిన్న బంతికి గుడ్డెక్కువ, పెద్ద బంతికి దూదెక్కువ. ఆ రాత వెలిసినప్పుడల్లా ఎవరో ఒకరు మళ్ళీ దిద్దుతూనే ఉన్నారు. ఆ రోజు నుంచి మా అమ్మాయి పేరు లెక్క. "లెక్క వచ్చిందా? లెక్క తిన్నదా?" అనేవారు. పెద్దయ్యాక అది ఇంట్లోనే వీధి పిల్లలకి లెక్కలు చెప్పేది. పెళ్ళయ్యాక అల్లుడు కూడా అలాగే పిలిచాడు.

ఇదంతా తెలిసిన మనిషిని నేను. చూసిన మనిషిని. ఆ లెక్క వల్ల పరువు దక్కించుకున్న మనిషిని. అందుకే తర్వాత జరిగింది ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

నేను సంచీ సర్దడం ఆరో నెలలోనే మొదలుపెట్టాను. టోపీలు నాలుగు, మేజోళ్ళు ఆరు జతలు, మందపాటి గుడ్డలు పన్నెండు, ఉన్ని దుప్పట్లు రెండు. చిన్నదానికని ఒక దుప్పటికి లోపల ఇంకో వరస దూది కూడా వేసి కుట్టాను. సంచీని తలుపు పక్కనే పెట్టాను. రోజూ దాన్ని దాటుకుని వెళ్తూ అల్లుడు, "అత్తయ్యా, దీనికి కూడా ఒక టిక్కెట్టు తీద్దామా?" అనేవాడు.

ఎనిమిదో నెల మధ్యలో మూడు రోజులు మంచు కమ్మేసి ఎండ మొహమే లేదు. నాలుగో రోజు పొద్దున కాస్త వెలుతురొచ్చింది. సంచీ మూత తీస్తే చెమ్మ వాసన. చెమ్మ గుడ్డలు కప్పితే పిల్లలకి జలుబు చేసి, అది ఊపిరితిత్తుల్లోకి దిగి... నా బుర్ర సంగతి తెలిసిందే కదా. అన్నీ తీసి, ఉతికి, డాబా మీద ఆరేశాను. నెల రోజులకి పైగా కట్టి ఉన్న సంచీని ఆ ఒక్క రోజే విప్పాను.

పదకొండు గంటలకి అమ్మాయి వంటగది గుమ్మం పట్టుకుని, "అమ్మా, నీళ్ళు పోయాయి" అంది.

అల్లుడు బస్సు డిపోలో మెకానిక్కు, డ్యూటీలో ఉన్నాడు. పక్కింటివాళ్ళ ఆటోలో దగ్గరున్న చిన్న ఆసుపత్రికి చేరాం. ఆపరేషన్ చేశారు. రెండింటికి పెద్దది పుట్టింది, మూడు నిమిషాలకి చిన్నది. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దది రెండు కిలోలకి పిసరంత తక్కువ. చిన్నది సరిగ్గా అందులో సగం. పెద్దది గొంతు చించుకుని ఏడ్చింది. చిన్నది పిల్లిపిల్లలా రెండుసార్లు మూలిగి ఊరుకుంది.

డాక్టరమ్మ బయటికొచ్చి, "ఇక్కడ వెచ్చగా ఉంచే పెట్టె లేదమ్మా. ఇద్దర్నీ వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. తల్లి కదలకూడదు. మీరు వెళ్ళండి, మా నర్సు తోడొస్తుంది" అంది. గంటంపావు ప్రయాణం.

నర్సు ఇద్దర్నీ పల్చటి గుడ్డల్లో పెట్టుకుని పరుగున వచ్చింది. "మందపాటివి ఏమున్నాయమ్మా? మావన్నీ తీగ మీద తడిగా ఉన్నాయి."

నా సంచీ ఇంట్లో ఖాళీగా ఉంది. నా భుజాల మీద శాలువా ఉంది. ఉన్నిది, పెద్దది, పదేళ్ళ పాతది. తీసి బల్ల మీద పరిచాను. "కత్తెర ఇవ్వమ్మా" అన్నాను.

గుడ్డ దొరికితే మా చేతులు మడతే వెతుకుతాయి. అంచుకి అంచు కలిపాను. మధ్యలో గోటితో గీశాను. గీత వెంట కోశాను. దారమంత తేడా కూడా లేదు. రెండు ముక్కలూ సమానం. ఒకటి పెద్దదానికి, ఒకటి చిన్నదానికి. ఎవరికీ అన్యాయం చెయ్యలేదనే అనుకున్నాను. అంత హడావుడిలో కూడా సరిగ్గా కోశానని ఎక్కడో ఒక మూల తృప్తి కూడా కలిగింది. దాన్ని ఇప్పటికీ క్షమించుకోలేను.

వ్యానులో నర్సు చిన్నదాన్ని ఒళ్ళో పెట్టుకుని, ముక్కు దగ్గర గాలి గొట్టం పట్టుకుంది. పెద్దది నా ఒళ్ళో ఉంది. అది దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది. ఏడ్చేదానికేదో అయిపోతోందని నా ప్రాణమంతా దాని మీదే పెట్టాను. ప్రతి గతుక్కీ, "నాయనా, నెమ్మది" అని డ్రైవరు మీద అరిచాను. రెండోది ఏడవడం లేదంటే నిద్రపోతోందనుకున్నాను. జీవితమంతా లేనిపోని వాటికి అరిచిన నేను, అరవాల్సిన దాని వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

పెద్దాసుపత్రిలో కుర్ర డాక్టరు పెద్దదాని పాదం పట్టుకుని, "బాగుంది, వెచ్చగా ఉంది" అన్నాడు. చిన్నదాని పాదం పట్టుకుని, రెండో పాదం కూడా పట్టుకుని చూశాడు. తర్వాత పక్కనున్నావిడతో, "ఇది చల్లబడిపోయింది" అన్నాడు.

దాన్ని గాజు పెట్టెలో పెట్టారు. నేను తలుపు పట్టుకుని వదలకపోతే, పాపం, ఆయనే వచ్చి చెప్పాడు. "ఇంత చిన్నపిల్లలకి ఒంటి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ ఉంటుందమ్మా. లోపల పుట్టే వేడి తక్కువ, బయటికి పోయే దారి ఎక్కువ. తొందరగా చల్లబడతారు."

చిన్న బంతికి గుడ్డెక్కువ.

నాకు షెడ్డు గోడ కనిపించింది, సుద్దముక్క రాతతో సహా. తలుపు వదిలేసి, అక్కడే గచ్చు మీద కూర్చున్నాను.

చిన్నది మూడో రోజు పొద్దున పోయింది. ఊపిరితిత్తులు పూర్తిగా ఎదగలేదన్నారు, ప్రయత్నం చేశామన్నారు. ఇంకా చాలా చెప్పారు. నా చెవికెక్కింది ఒకటే, చల్లబడిపోయిందన్న మొదటిరోజు మాట. శాలువా సగం దానితోపాటే వెళ్ళింది. మా అమ్మాయి ఆ పిల్లని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. అది ఒక ఆసుపత్రిలో, పిల్ల ఇంకో ఆసుపత్రిలో.

కబురు అల్లుడే చెప్పాడు. నేను గుమ్మం బయట నిలబడ్డాను. లోపల్నుంచి ఏడుపు వినిపిస్తుందని చెవులు రిక్కించాను. ఏమీ వినిపించలేదు. ఆ రోజు మొదలు మా అమ్మాయి నోరు విప్పలేదు.

నలభై ఆరు రోజులు. నేను లెక్కపెట్టాను, లెక్కే రాని నేను.

పెద్దదాన్ని రొమ్ముకి ఆనించుకుని, పైన దుప్పటి కప్పుకుని కూర్చుంటుంది. పాలిస్తుంది. గుడ్డలు మారుస్తుంది. పెట్టింది తింటుంది. అడిగితే తలూపుతుంది. మాట లేదు. బిడ్డతో కూడా లేదు. అల్లుడు డాక్టరుకి చూపించాడు. కొంతకాలం పడుతుంది, ఒత్తిడి చెయ్యొద్దన్నారు. అతను మాత్రం రోజూ ఒక తప్పుడు లెక్క ఎర వేసేవాడు. బూట్లు విప్పుతూ, "పన్నెండు ఏడులు తొంభై కదూ లెక్కా?" అనేవాడు. ఇంకోరోజు, "నూటికి నాలుగో వంతు ఇరవై, అంతేగా?" అనేవాడు. ఒకప్పుడైతే దిండు విసిరేది. ఇప్పుడు కళ్ళు కూడా ఎత్తదు. ఒకరోజు అతను బాత్రూములో కుళాయి తిప్పేసి ఏడవడం విన్నాను.

నా భయాలు నాకున్నాయి. పాలు ఎండిపోతాయేమో. బిడ్డ అమ్మ గొంతు వినకుండా పెరిగి మూగదవుతుందేమో. వాటన్నిటి కింద అసలు భయం ఒకటుంది, అది మాత్రం పెదవి దాటలేదు. మా అమ్మాయికి తెలిసిపోయిందని. నర్సు చెప్పి ఉంటుంది, లేదా పెద్దదానితో వచ్చిన శాలువా ముక్క అంచు చూసి అదే గ్రహించి ఉంటుంది. 'నీ సగం సగం పనికిరాదు' అని చిలక్కి చెప్పినట్టు చెప్పినా నేను సగమే ఇచ్చానని. అందుకే నాతో మాట్లాడటం లేదని. అడుగుదామంటే, అవునంటుందేమోనని భయం.

నలభై ఆరో రోజు మధ్యాహ్నం కటింగ్ మాస్టారు ఇంటికొచ్చాడు. భుజాన గుడ్డ చుట్ట, చేతిలో పీలికల గోతం. ఇప్పుడు ముసలాడయిపోయాడు, మెట్లెక్కి వగర్చాడు.

"చెల్లెమ్మా, షెడ్డుకి రాలేకపోతున్నావని పనే నీ దగ్గరికొచ్చింది. రెండు సైజులు. ముక్కలు కూడా నువ్వే కొయ్యాలి, నా చెయ్యి వణుకుతోంది." మంచం వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఏమ్మా లెక్కా, మా గోడ మీద రాత మళ్ళీ వెలిసిపోయింది. వచ్చి దిద్దవూ?"

అది బిడ్డ నెత్తి మీద గడ్డం ఆనించి కిటికీలోంచి చూస్తోంది. మాస్టారు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

నేను గుడ్డ నేల మీద పరిచాను. రెండు సైజులకి కలిపి ఒకటే చుట్ట. ముందు రెండు భాగాలు చెయ్యాలి. అంచుకి అంచు కలిపాను. మధ్యలో గోటితో గీశాను. కత్తెర తీసుకున్నాను.

ఒక చెయ్యి వచ్చి కత్తెర మీద పడింది.

ఎప్పుడు లేచిందో, బిడ్డని ఒక చేత్తో ఎత్తుకుని నా పక్కన మోకాళ్ళ మీద కూర్చునుంది. కత్తెర కొయ్యనివ్వలేదు. సమానంగా కొయ్యకూడదు కదా, రెండు సైజులకి. అంతే దాని ఉద్దేశం. కానీ నా కళ్ళలోకి చూసింది. నలభై ఆరు రోజుల్లో మొదటిసారి. ఇక నా వల్ల కాలేదు.

"అవునే" అన్నాను. "సగానికే కోశాను. నువ్వు చెప్పావు, నేను వినలేదు. శాలువా ఒక్కటే ఉంది. చేతులు ఊరుకోలేదు. అంచుకి అంచు కలిపి సమానంగా కోసేశాను. చిన్నదానికి ఎక్కువ కావాలని నాకు తెలుసు కదే, తెలిసీ సగమే ఇచ్చాను. అది చల్లబడిపోయిందన్నారు. నేనే, నా చేత్తో..."

తర్వాత ఏం మాట్లాడానో నాకే తెలియదు. సంచీ విప్పిన సంగతి, వ్యానులో చూడని సంగతి, అన్నీ వరస లేకుండా కక్కేశాను. చివరికి, "ఒక్కటి చెప్పు. తిట్టు, కొట్టు, ఇంట్లోంచి పొమ్మను. నేనిచ్చిన గుడ్డ సరిపోయి ఉంటే అది బతికేదా? ఆ ఒక్కటీ చెప్పు" అన్నాను.

దాని మొహం తెల్లగా పాలిపోయింది. లేచింది. బిడ్డని నా ఒళ్ళో పెట్టింది. బీరువా తీసి, అడుగు అరలోంచి మిగిలిన శాలువా ముక్క తెచ్చింది.

నేను ఆ ముక్క వైపు చూడలేకపోయాను.

తర్వాత పీలికల గోతం బోర్లించింది. దూది తూచే త్రాసు నా దగ్గర ఇంట్లోనే ఉంది. పీలికలు గట్టిగా నొక్కి కట్టి, తూచి, మళ్ళీ కొన్ని తీసి, కొన్ని పెట్టి, ఒక మూట కట్టింది. ముల్లు ఎక్కడాగిందో చూశాను. రెండు కిలోలకి పిసరంత తక్కువ. రెండో మూట కట్టింది. సరిగ్గా అందులో సగం. రెండు మూటలూ నా ముందు పక్కపక్కన పెట్టింది. శాలువా ముక్క నా చేతికిచ్చింది.

చుట్టమని అర్థం. ఆ రోజు ఎలా చుట్టావో అలాగే చుట్టమని.

"నా వల్ల కాదే" అన్నాను.

అది చెయ్యి చాపి నా ఒళ్ళోంచి బిడ్డని తీసుకుంది. ఎదురుగా కూర్చుంది. కదల్లేదు. అలా ఎంతసేపైనా కూర్చుంటుందని నాకు తెలుసు, నా కూతురే కదా.

ముందు పెద్ద మూట చుట్టాను. కింద మడత, పక్క నుంచి ఒకసారి, రెండోసారి, అంచు దోపాను. ఆ రోజూ అంతే వచ్చింది, రెండు చుట్లు. విప్పాను. చిన్న మూట తీసుకున్నాను. ఎంత తేలిక. వేళ్ళకి ఆ తేలిక గుర్తుంది. కింద మడత, పక్క నుంచి ఒకసారి, రెండోసారి, ఇంకా గుడ్డ మిగిలింది, మూడోసారి. అంచు దోపాను. ఆ రోజు కూడా ఇలాగే మిగిలింది, ఇలాగే ఇంకో చుట్టు తిప్పాను. చుట్టిన మూటని కింద పెట్టలేక గుండెకి పట్టుకుని ఊగుతూ కూర్చున్నాను. పీలికల మూట అని తెలుసు. అయినా.

మా అమ్మాయి వేళ్ళతో అడిగింది, మూడేనా అని. మూడే అన్నాను. పెద్దదానికి రెండేనా అని వేళ్ళు చూపించింది. రెండే.

ముక్కలు గీసే ఖాకీ కాగితం చింపి, పెన్సిల్ తీసుకుంది. బిడ్డని భుజాన వేసుకుని, నేల మీద వంగి రాయడం మొదలుపెట్టింది. రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. నేను చదివింది ఏడో తరగతి. తలకిందులుగా చూస్తే నాకేం అర్థమవుతుంది. వంద అని ఒక చోట కనిపించింది. యాభై అని ఒక చోట. దాని పెదవులు కదిలాయి, చిన్నప్పుడు బల్ల కింద కూర్చుని కదిలించినట్టు. పెన్సిల్ ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చేసింది. వేరేగా వస్తుందేమోనని చూసినట్టుంది. రాలేదు కాబోలు, పెన్సిల్ కింద పెట్టేసింది.

ఎండ గచ్చు మీద నుంచి గోడ మీదకెక్కింది. వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు. బిడ్డ ఒకసారి మూలిగి మళ్ళీ పడుకుంది. మా అమ్మాయి కాగితం వైపే చూస్తోంది. ఇక మాట్లాడదనుకున్నాను. మూట విప్పుదామని అంచు లాగాను.

"ఉండనీ అమ్మా."

దాని గొంతులా లేదు. తుప్పు పట్టిన తలుపులా ఉంది. నా చేతులు ఆగిపోయాయి.

"బరువు సగం" అంది. ఒక్కో మాటా వెతుక్కుంటూ. "పెద్దదానికి లోపల వేడి వంద పుట్టి వంద పోయిందనుకో. వెచ్చగానే చేరింది. చిన్నదానికి యాభై పుట్టాలి. దాని పైతోలు మాత్రం సగం కాదు, పెద్దదాని వందకి అరవై మూడు. తోలెక్కువ. అందుకని ఎక్కువే పోతుంది. కానీ ఒళ్ళు చిన్నది కాబట్టి అదే గుడ్డ దానికి మూడు చుట్లొచ్చింది. పెద్దదానికి రెండే. రెండు చుట్లైతే అరవై మూడు పోయేది, మూడు చుట్లలోంచి అంత పోదు. నలభై రెండే పోతుంది."

ఆగింది. బిడ్డ వీపు మీద చెయ్యి వేసి, మెల్లగా నిమిరింది.

"యాభై పుట్టి నలభై రెండు పోతే అది చల్లబడకూడదమ్మా. పెద్దదానికంటే వెచ్చగా చేరాలి. చేరలేదంటే లోపల అసలు వేడే పుట్టలేదు. ఊపిరాడితేనే కదా వేడి పుట్టేది."

దాని కళ్ళ నుంచి నీళ్ళు జారి బిడ్డ టోపీ మీద పడ్డాయి. తుడుచుకోలేదు. చెయ్యి చాపి, నా గుండె దగ్గరున్న మూట మీద, ఆ మూడో చుట్టు మీద పెట్టింది.

"నీ గుడ్డ సరిపోయింది" అంది. "దాని ఊపిరే సరిపోలేదు."